ఢిల్లీ నుంచి బెజవాడకు కారు ఇంజన్ తెప్పించుకోవడం ఎలా

నాలుగేళ్ల కిందట మా షెడ్డుకు ఢిల్లీ నుంచి ఒక స్విఫ్ట్ డీజిల్ ఇంజన్ వచ్చింది. పాత టైరులో కూర్చోబెట్టి, పైన గోనెపట్టా చుట్టి పంపారు. గోడౌన్‌కి వెళ్లి చూసేసరికి టైరు ఒక పక్కకి జరిగిపోయి, బరువంతా ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ మీద పడి ఉంది. కింద చెయ్యి పెట్టి తడిమితే అరచెయ్యంత సొట్ట. "రేకే కదా, ఏమవుతుందిలే" అని కారులో ఎక్కించబోతుంటే మా పెద్ద మేస్త్రి "ఆగరా, ముందు చాంబర్ విప్పు" అన్నాడు. విప్పి చూస్తే ఆ సొట్ట లోపలికి పొడుచుకొచ్చి సరిగ్గా ఆయిల్ పీల్చే స్ట్రైనర్ మూతికి ఆనుకుని ఉంది, మధ్యలో కాగితం కూడా దూరదు. అలాగే స్టార్ట్ చేసి ఉంటే ఆయిల్ అందక బేరింగులు పట్టేసేవి, మేం మాత్రం ఇంజనే చెడ్డది పంపాడని ఢిల్లీ అతన్ని తిట్టుకునేవాళ్లం.

ఆ రోజు నుంచి ఇంజన్ కావాలని ఎవరు అడిగినా మొదట ఇదే చెబుతున్నాను. ఇంజన్‌కి దెబ్బ తగిలేది రోడ్డు మీద కంటే గోడౌన్‌లోనే ఎక్కువ. లారీలో కదలకుండా కూర్చుంటే 1,800 కిలోమీటర్లు వచ్చినా దానికి పెద్దగా ఏమీ కాదు. కానీ లెక్కేసి చూడండి: షాపు నుంచి టెంపోలోకి, టెంపో నుంచి బుకింగ్ ఆఫీసులోకి, అక్కడి నుంచి లైన్ లారీలోకి, దారిలో ఏ నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఇంకో లారీలోకి, తర్వాత బెజవాడ గోడౌన్‌లోకి, చివరికి మన ట్రాలీ ఆటోలోకి. ఆరుసార్లు ఎత్తి దింపుతారు, ఆరుసార్లూ వేరే వేరే మనుషులు, ఒక్కొక్కళ్లకీ వంద పార్సిళ్ల హడావుడి. ప్యాకింగ్ ఆ ఆరుసార్లని తట్టుకునేలా ఉండాలి, డబ్బు పెట్టాల్సి వస్తే ఆ ఆరుని మూడో నాలుగో చెయ్యడానికి పెట్టాలి.

అసలు అంత దూరం ఎందుకు అంటారా? మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. ఆ 1.3 లీటర్ ఇంజన్‌తో మన రోడ్ల మీద ఇప్పటికీ స్విఫ్టులు, డిజైర్లు, ఎర్టిగాలు బోలెడు తిరుగుతున్నాయి, ట్యాక్సీలే ఎక్కువ. ఇంకోపక్క ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. దాంతో బాగానే నడిచే బండ్లు కూడా తుక్కుకి వెళ్లాయి, వాటి ఇంజన్లు ఢిల్లీలో పాత సామాను అమ్మే మాయాపురి లాంటి చోట్లకి చేరాయి. అయినా ముందు దగ్గర్లో వాకబు చెయ్యండి. మన ఆటోనగర్‌లో, హైదరాబాద్‌లో, లేదంటే చెన్నై పుదుపేటలో దొరికితే నాలుగైదు వేలు ఎక్కువైనా అదే మేలు. చెన్నై నుంచైతే 450 కిలోమీటర్లే, పొద్దున్నే వెళ్లి కళ్లతో చూసుకుని, అక్కడే ఒక చిన్న గూడ్స్ బండి మాట్లాడుకుని మర్నాటికల్లా నేరుగా షెడ్డు ముందు దింపుకోవచ్చు. ఎత్తి దింపడం రెండుసార్లతో అయిపోతుంది.

దూరం నుంచే తెప్పించుకోవాలి అనుకుంటే, డబ్బు పంపేముందు కాగితాల సంగతి తేల్చుకోండి. బ్లాకు మీద కొట్టిన ఇంజన్ నంబర్‌ని శుభ్రంగా తుడిపించి దగ్గర నుంచి ఫొటో తీయించండి, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింటు కూడా తీయించండి. ఆ ఇంజన్ ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ కాపీ గానీ, తుక్కుకి ఇచ్చిన సర్టిఫికెట్ గానీ అడగండి, నంబరు రెండింట్లో ఒక్కటేనా చూసుకోండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, దొంగబండ్లు కోసి అమ్మే వ్యాపారం చిన్నదేం కాదు. మీరట్‌లో సోతీగంజ్ అని ఒక బజారు బజారే దానికి పేరుపడితే 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. తెలిసి దొంగసొత్తు కొంటే మనమీదా కేసే, తెలియక కొన్నా స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మనమే.

ఇంకో మాట, "ఫుల్ ఇంజన్" అంటే అమ్మేవాడి లెక్క వేరు, మన లెక్క వేరు. టర్బో, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, ఏసీ కంప్రెసర్, నాజిల్స్, హైప్రెషర్ పంపు, వైరింగ్, మౌంటింగ్ బ్రాకెట్లు, గేర్‌బాక్స్ ఏమేం వస్తాయో ఒక్కొక్కటీ పేరుపెట్టి వాట్సాప్‌లో రాయించుకోండి. వైరింగ్‌ని కోసేయకుండా సాకెట్ల దగ్గర విప్పమనండి, కోసిన వైరింగ్ అతికించడానికి ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే డబ్బుతో ప్యాకింగే అయిపోతుంది. క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతున్న వీడియో, అదే వీడియోలో ఇంజన్ నంబరు కనపడేలా అడగండి. పట్టేసిన ఇంజన్ రంగు వేసి అమ్మితే ఫొటోలో తెలియదు.

ఇక సిద్ధం చెయ్యడం. ఆయిల్, కూలెంట్, గేర్ ఆయిల్ పూర్తిగా దింపించాలి, డీజిల్ పైపుల్లో మిగిలింది కూడా. కారే సామానుని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు తీసుకోరు, తీసుకున్నా పక్కన చీరల బేళ్లు ఉండి వాటికి ఆయిల్ అంటితే ఆ గొడవ మన మెడకే చుట్టుకుంటుంది. దింపాక డ్రైన్ బోల్టు మళ్లీ బిగించారా అని అడగండి, చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆ బోల్టు లేకుండా వచ్చిన ఇంజన్లో మట్టి దూరింది నేను చూశాను.

తర్వాత రంధ్రాలు. టర్బో నోరు, మ్యానిఫోల్డ్, సైలెన్సర్ వైపు, నీళ్ల పైపులు, డీజిల్ లైన్లు, గేర్‌బాక్స్‌లో యాక్సిల్ షాఫ్టులు దూరే రెండు కన్నాలు, అన్నీ మూయాలి. మనవాళ్లకి గుడ్డపేలిక కుక్కే అలవాటు ఉంది, దయచేసి అది వద్దు. గుడ్డ తేమ పీలుస్తుంది, దుమ్ము పడుతుంది, అన్నిటికన్నా ప్రమాదం ఏంటంటే బిగించేటప్పుడు మర్చిపోతే టర్బోలోకో వాల్వుల్లోకో వెళ్తుంది. ప్లాస్టిక్ మూతలు దొరికితే సరే, లేకపోతే గట్టి అట్టముక్క కత్తిరించి పైనుంచి టేపు వేస్తే చాలు, లోపలికి ఏమీ జారదు. డీజిల్ లైన్లకి, నాజిళ్లకి మాత్రం మూతలే వాడాలి, అక్కడ ఇసుకరేణువంత దుమ్ము దూరినా నాజిల్ పోతుంది. ఎన్ని మూశారో లెక్క రాసి పెట్టమనండి, విప్పేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. పుల్లీ, ఫ్లైవీల్ లాంటి మెరిసే ఇనుముకి పల్చగా ఆయిల్ రాయించండి, క్లచ్ ప్లేటు మాత్రం తడవకూడదు.

ఎత్తే విషయానికొస్తే, హెడ్‌కి రెండు కొక్కేలు ఉంటాయి, ఫ్యాక్టరీ వాడు ఇంజన్ ఎత్తడానికే పెట్టినవి. చైన్ పుల్లీ కొక్కెం వాటికే తగిలించాలి. తాడుని మ్యానిఫోల్డ్ కిందనుంచో డీజిల్ రైల్ పైపు మీదనుంచో వేసి కర్రదూర్చి నలుగురు మోస్తుంటారు చూడండి, అప్పుడే నాజిల్ పైపు వంగుతుంది, సెన్సార్ సాకెట్లు విరుగుతాయి. మోసేవాళ్ల తప్పు కాదది, పట్టుకోవడానికి వాళ్లకి మనం ఇంకో చోటు ఇవ్వలేదు.

అందుకే చెక్క ఫ్రేము. ఖర్చు తగ్గించుకోవాలని అందరూ మొదట కోసేది దీన్నే, నేనైతే చివరిదాకా కొయ్యను. కింద రెండు గట్టి దుంగలు, వాటి మీద అడ్డంగా పలకలు, మొత్తం మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. దుంగల ఎత్తు నాలుగంగుళాలు ఉండాలి, అప్పుడు హ్యాండ్ ట్రాలీ గానీ ఫోర్క్‌లిఫ్ట్ గానీ కిందకి దూరుతుంది. దూరితే నెట్టుకెళ్తారు, దూరకపోతే దొర్లిస్తారు, తేడా అంతే. ఇంజన్ దీనిమీద చాంబర్‌తో కూర్చోకూడదు. కార్లో ఏ మౌంటింగుల మీద వేలాడుతుందో ఆ బ్రాకెట్లకే చెక్కతోనో యాంగిల్ ముక్కలతోనో కాళ్లు చేసి బోల్టులు వెయ్యాలి, గేర్‌బాక్స్ ఉంటే దాని కింద విడిగా ఒక దిమ్మ పెట్టాలి, లేకపోతే బరువు అటే లాగుతుంది. చాంబర్‌కీ పలకకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. వీడియో కాల్‌లో ఆ రెండు వేళ్లు పెట్టి చూపించమని నేను అడుగుతాను, ఢిల్లీ వాళ్లు నవ్వుతారు, నవ్వినా చూపిస్తారు.

కట్టడానికి రాచెట్ బెల్టులు రెండు, ఒకటి ముందు ఒకటి వెనక. బ్రాకెట్లనో బ్లాకునో పట్టి కిందకి లాగాలి గానీ టాపెట్ కవర్ మీదనుంచో ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్ మీదనుంచో వెయ్యకూడదు. తర్వాత నాలుగు పక్కలా పట్టీలు కొట్టి పైన ప్లైవుడ్ మూత వెయ్యాలి. మూత లేకపోతే దాని మీద ఇంకో పార్సిల్ పెడతారు, కచ్చితంగా పెడతారు. బయటికి పొడుచుకొచ్చే ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్, ఆల్టర్నేటర్ లాంటివి ఫ్రేము అంచు దాటకుండా లోపలే ఉండాలి. వానాకాలమైతే ప్లాస్టిక్ కవర్ వేసి లోపల తేమ పీల్చే సిలికా జెల్ సంచులు నాలుగు పడేయమనండి. కవర్‌ని అడుగున మాత్రం గాలి చొరబడకుండా బిగించొద్దు, పగలు ఎండకి వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు లోపలే చెమ్మపట్టి సిలిండర్ బోరుకి తుప్పు పడుతుంది. పైవైపు బాణం గుర్తు, బరువు, రెండు ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రెండు పక్కలా రాయించండి, హిందీలో ఒకటి ఇంగ్లిష్‌లో ఒకటి.

కిరాయి ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ మిగుల్తుందో తెలుస్తుంది. పార్ట్ లోడు వాళ్లు, అంటే నలుగురి సరుకూ కలిపి ఒకే లారీలో తెచ్చేవాళ్లు, కిలో లెక్కన అడుగుతారు, కానీ అసలు బరువు, సైజు లెక్కన వచ్చే బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. ఘనపు అడుగుకి ఇన్ని కిలోలు అని ఒక్కో ఆఫీసుకి ఒక్కో లెక్క. పది కిలోలు అనుకుందాం. పైన చెప్పిన ఫ్రేము రెండున్నర అడుగుల ఎత్తుంటే 18.75 ఘనపు అడుగులు, అంటే 187 కిలోలు. ఈ 1.3 లీటర్ ఇంజన్ ఒక్కటే దాదాపు 130 కిలోలు, గేర్‌బాక్స్, మిగతా సామాను, చెక్క కలిపితే ఎలాగూ 200 దాటుతుంది, కాబట్టి అసలు బరువుకే బిల్లు. అదే వడ్రంగి కొలత చూడకుండా నాలుగడుగులు, మూడు, మూడు పెట్టి చేశాడనుకోండి, 360 కిలోలకి కట్టాలి. ఇంజన్ లాంటి గట్టి సరుక్కి సైజు లెక్క తగలకూడదు, తగిలిందంటే పెట్టె పెద్దదైనట్టే.

కిలో 12 రూపాయలన్నా 210 కిలోలకి 2,520. దానిపైన హమాలీ, ఎల్ఆర్ (లారీ రసీదు) ఛార్జీ, ఢిల్లీలో పికప్, ఇక్కడ డోర్ డెలివరీ అని ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి, అందుకే "అన్నీ కలిపి ఎంత" అని ఒక్కటే మాట అడగండి. డోర్ డెలివరీ మానేసి గోడౌన్ డెలివరీ తీసుకోండి. డబ్బు తగ్గుతుంది, పైగా చివరి ఎత్తుడు మన మనుషులతో మన కళ్లముందు జరుగుతుంది. కిరాయి "టు పే" పెట్టించుకుంటే సరుకు వచ్చాకే కడతాం. అన్నిటికన్నా ముఖ్యంగా అడగాల్సింది, "ఢిల్లీలో ఎక్కిన లారీ బెజవాడ దాకా వస్తుందా, మధ్యలో మారుస్తారా?" ఢిల్లీలోని సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో మన వైపు నేరుగా లారీలు పంపే ఆఫీసులు దొరుకుతాయి. కిలోకి రెండు రూపాయలు ఎక్కువన్నా, రెండు రోజులు ఆలస్యమన్నా నేను నేరుగా వచ్చేదానికే ఇస్తాను.

రైల్వే పార్సిల్‌లో కూడా పంపొచ్చు, త్వరగా వస్తుంది. కానీ రెండొందల కిలోల ఒక్క పెట్టెని దారిలో స్టేషన్‌లో బండి ఆగిన ఆ కాసేపట్లో దింపాలంటే చేతులతో తోసేయడమే అవుతుంది. బండి చివరి స్టేషన్ మీ ఊరే అయితే ఆలోచించండి, లేదంటే లారీయే.

సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, లేకుండా రాష్ట్రాలు దాటదు. రోజుకి 200 కిలోమీటర్ల చొప్పున గడువు ఇస్తారు, మనకి తొమ్మిది రోజులొస్తుంది. దారిలో లారీ చెడి గడువు దాటేలా ఉంటే ట్రాన్స్‌పోర్ట్ వాడు పొడిగించాలి, ఏడో రోజుకీ సరుకు రాకపోతే ఫోన్ చేసి గుర్తుచెయ్యండి. కొందరు అమ్మేవాళ్లు "బిల్లు పదిహేను వేలకే రాస్తాను, టెన్షన్ ఉండదు" అంటారు. ఒప్పుకోవద్దు. చెకింగ్‌లో పట్టుకుంటే సరుకు ఆగిపోతుంది, పోతే మనకి దక్కేది కూడా ఆ పదిహేను వేల లెక్కే.

పోతే ఏమొస్తుంది అన్నది చాలామందికి తెలియదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని రూల్స్ ప్రకారం, బుకింగ్ అప్పుడు విలువ చెప్పి ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. 2,520 కిరాయికి 25,200. ఇంజన్ అరవై వేలదైతే మిగతాది మన జేబులోంచే. కాబట్టి ఎల్ఆర్ మీద అసలు విలువ రాయించండి, రిస్కు రేటు ఎంతో అడగండి, లేదంటే విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న: "ఎత్తి దింపేటప్పుడు పగిలితే ఇస్తారా?" పాత సామానుకి తరచుగా యాక్సిడెంట్, అగ్నిప్రమాదం వరకే ఇస్తారు, మనకి భయం మాత్రం గోడౌన్ దగ్గరే కదా.

సరుకు వచ్చిందని ఫోన్ రాగానే వెళ్లండి, ఆలస్యమైతే డెమరేజ్, అంటే గోడౌన్‌లో ఉంచినందుకు అద్దె, పడుతుంది. సంతకం పెట్టేముందు పెట్టె నాలుగు పక్కలా ఫొటోలు, మూత తీసి పైనుంచి ఫొటోలు, టార్చి వేసి కింద చాంబర్ చూడటం. నంబరు పెన్సిల్ ప్రింటుతో సరిపోల్చండి. గోడౌన్ వాళ్లు తొందరపెడతారు, "సంతకం పెట్టి బయట చూసుకోండన్నా" అంటారు, పోట్లాడకుండా నిదానంగా చూసుకోండి. దెబ్బ కనపడితే డెలివరీ కాగితం మీదే ఏం విరిగిందో రాసి, తేదీ వేసి, దాని ఫొటో తీసుకుని అప్పుడు సంతకం పెట్టండి. తర్వాత రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు. వచ్చిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి.

షెడ్డుకి తెచ్చాక మూసిన మూతలు లెక్కపెట్టి తియ్యండి. క్రాంక్ పుల్లీని చేత్తో రెండు చుట్లు తిప్పండి, వీడియోలో తిరిగినట్టే తిరగాలి. చాంబర్ మీద చిన్న సొట్ట ఉన్నా విప్పి చూడండి, మళ్లీ బిగించేటప్పుడు రాసే ప్యాకింగ్ పేస్టు ఖర్చు ఎంతని. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాక నాజిల్ సాకెట్లు విప్పి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ మధ్యమధ్యలో ఆపుతూ కొట్టండి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యండి. ఇన్నాళ్లు ఎండిపోయి ఉన్న టర్బోకి ఆ అరనిమిషం చాలా అవసరం.

బండి నడిచింది కదా అని ఆర్టీఏ ఆఫీసు పని వాయిదా వెయ్యకండి. ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంజన్ మారిస్తే 14 రోజుల్లోగా చెప్పి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. బిల్లు, పాత బండి కాగితం, పెన్సిల్ ప్రింటు అక్కడ పనికొస్తాయి. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా నంబరు మార్పించుకోండి, క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్లు మొదట చూసేది అదే.

ఆ చెక్క ఫ్రేముని మాత్రం పొయ్యిలో పెట్టకండి. బండిలోంచి దింపిన పాత ఇంజన్ కూడా ఆ కాళ్ల మీదే కూర్చుంటుంది. మా షెడ్డులో ఒక ఫ్రేము ఇప్పటికి మూడుసార్లు ఢిల్లీ వెళ్లొచ్చింది.